ముక్కలు తీసేసిన మటన్ రసం

నాయనకు షుగరు ఎప్పటినుంచో ఉంది. మొన్న ఎండాకాలంలో కూర్చున్న చోటే ఆయాసం మొదలైతే మార్కాపురంలో కిడ్నీ డాక్టరుకు చూపించాం. మేనత్త కూడా వచ్చింది. తల్లి లేని నాయనను చంకనేసుకుని పెంచిన అక్క ఆమె. గిద్దలూరు దగ్గర మా ఊళ్లో ఈ వయసులోనూ మేకలు తోలుకుపోతుంది.

డాక్టరు ఓపిక ఉన్నవాడు. తిన్న తిండి నుంచి ఒంట్లో యాసిడ్ పుడుతూనే ఉంటుందనీ, దాన్ని మూత్రంలోకి తోసేది కిడ్నీలేననీ చెప్పాడు. ఆ పనికి వాటిని పురమాయించే హార్మోను, కిడ్నీల మీద టోపీల్లా ఉండే గ్రంథుల్లో తయారవుతుందట. నాయనకు ఆ హార్మోనూ తగ్గింది, కిడ్నీలూ చెడ్డాయి. రక్తంలో యాసిడ్, పొటాషియం రెండూ పేరుకుంటున్నాయి.

"మాంసం ఆ రెండింటినీ పెంచుతుంది, మానెయ్యండి. కూరగాయలు ఉడికించి నీళ్లు పారబోయండి, పొటాషియం ఆ నీళ్లలోకి దిగిపోతుంది. పథ్యం తప్పితే గుండెకే ముప్పు," అన్నాడు. అత్త అన్నిటికీ తలూపింది.

నేను సొరకాయ, బీరకాయ ఉడికించి, వార్చి, ఉప్పు లేకుండా పెట్టేదాన్ని. నాయన మాట్లాడకుండా తినేవాడు. అయినా ఆయాసం తగ్గలేదు, దండచేతులు పుల్లలయ్యాయి. రక్త పరీక్ష ఇంకా చెడ్డగా వచ్చింది. మాంసం ముట్టలేదని డాక్టరు ముందు ఒట్టేసినంత పని చేశాను.

ఒకరోజు అంగన్‌వాడీ నుంచి తొందరగా వచ్చాను. నాయన చేతిలో లోటా, ఇల్లంతా మిరియాల వాసన. మా వైపు బాలింతకైనా, జ్వరం నుంచి లేచినవాడికైనా బలానికని పోసే మటన్ రసం అది.

"ఒక్క ముక్కన్నా ఎయ్యలేదు పాపా," అంది అత్త. "మాంసమంతా నేనే తింటాండా. వానికి ఉత్త నీళ్లే పోస్తాండా. ఒళ్లు చూడు, ఎట్ల కరిగిపోయిందో. బలం వద్దా?"

ఒళ్లు కరిగిస్తున్నదే ఆ రసం పెంచే యాసిడ్ అని అరిచాను. లోటా లాక్కుని దొడ్లో పారబోశాను. నాయన తల దించుకున్నాడు.

మర్నాడు ఆయన కాళ్లలో సత్తువ పోయింది. మార్కాపురం తీసుకుపోతుంటే దారిలో, కారులోనే గుండె ఆగింది.

పలకరించడానికి వచ్చిన వాళ్లందరికీ అత్త ఒకటే చెప్పింది, నోటికాడి రసం నేను పారబోశాననీ, అందుకే తన తమ్ముడు పోయినాడనీ. కొన్నాళ్లు ఓర్చుకున్నాను. నా వల్ల కాలేదు. ఎదురుగా కూర్చోబెట్టి అంతా చెప్పాను. కూరగాయల నీళ్లు నేనెందుకు పారబోశానో, మాంసంలోని పొటాషియం కూడా అట్లాగే నీళ్లలోకే దిగుతుందని, ముక్కలు తాను తిని విషం తమ్ముడికి పోసిందని. ఆ మాటే అన్నాను. కోపంతోనే అన్నాను.



"నేను మానేద్దామనే అనుకుంటి పాపా," అంది అత్త. "నువ్వట్ల పనికి పోంగానే వాడే అడిగేటోడు. అక్కా, కొంచెం రసం పొయ్యి, ఈ సప్పిడి నా వల్ల గాదు, పాపకు చెప్పొద్దు అని."

డాక్టరు చెప్పినప్పుడు నాయన నా పక్కనే కూర్చుని అన్నీ విన్నాడు. నన్ను మాత్రం ఏ రోజూ ఏమీ అడగలేదు.