కొట్లాటకు రాని మామ, మా జావీద్

నిన్న పొద్దున జావీద్ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, భాయ్ లేడు" అన్నాడు.

నేను నోట్లో బ్రష్ పెట్టుకుని, "షాపుకు పోయిండేమో చూడు" అన్నాను.

అవతల ఏడుపు వినిపించాక గానీ అర్థం కాలేదు.

హార్ట్ ఎటాక్. నిద్రలోనే. నలభై కూడా నిండలేదు వాడికి.

సుల్తానాబాద్‌లో మొబైల్ రిపేర్ జావీద్ అంటే మీలో చాలామందికి తెలుసు. స్క్రీన్ పగలగొట్టుకుని వెళ్తే ముందు తిట్టి, తర్వాత బాగుచేసి ఇచ్చేవాడు. నాకు మాత్రం వాడు రిపేర్ జావీద్ కాదు. "తిన్నవా మామ" జావీద్.

ఆ మామ ఎవరో చెప్పాలి. చెప్పకపోతే వాడు ఊరుకోడు.

మా చిన్నప్పుడు బస్టాండ్ దగ్గర ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. అందులో ఒక ఫైటింగ్ గేమ్. అంతా ఏదో తెలియని భాష. పేర్లు చదవడం రాదు కాబట్టి అన్నీ మేమే పెట్టుకున్నాం. నిప్పులు విసిరేవాడు ఇటుకబట్టి. ఎగిరెగిరి తన్నేవాడు మిడత. నేనెప్పుడూ మిడతే.

జావీద్ మాత్రం ఎవరూ ముట్టని ఒక లావుపాటాయన్ని తీసుకునేవాడు. పెద్ద పొట్ట, భుజం మీద తువ్వాల. ఎగరడు, ఉరకడు. పెళ్ళి భోజనాల బంతికి వెళ్తున్నట్టు నిమ్మళంగా నడుస్తాడు.

ఆయనకు వచ్చింది ఒక్కటే విద్య. మనం కొట్టడానికి చెయ్యి లేపామా, టక్కున ఆ చెయ్యి పట్టుకుంటాడు. గిర్రున తిప్పి కింద పడుకోబెడతాడు. అప్పుడొక కేక వేస్తాడు. ఏ దేశం మాటో గానీ మా అందరి చెవులకూ ఒకటే వినబడింది.

"తిన్నవా!"

అంతే. తిన్నవా మామ అయిపోయాడు.

ఈ మామతో ఒక చిక్కుంది. అవతలివాడు కొడితేనే ఈయనకు పని. కొట్టకపోతే ఊరికే నిలబడాలి. ఒకసారి జావీద్‌ని ఎలాగైనా ఓడించాలని నేనూ మామనే తీసుకున్నాను. ఇద్దరు మామలూ ఎదురెదురుగా నిలబడ్డారు. వాడు కొట్టడు, నేను కొట్టను. టైం అయిపోతోంది. సంబంధం మాట్లాడుకుంటున్నారా ఏంది అని వెనక నిలబడ్డవాళ్ళు తిట్లు మొదలుపెట్టారు. ఆఖరికి నాకే చెయ్యి ఆగలేదు. ఒక్క పంచ్ ఇచ్చాను.

"తిన్నవా!"

షాపంతా ఒకటే నవ్వులు.

ఆగడం నాకు ఎప్పుడూ రాలేదు. వాడికి అదొక్కటే వచ్చు.

మామకు కథ కూడా వాడే కట్టాడు. ఆ గేమ్‌లో అందరూ పగ తీర్చుకోవడానికో కప్పు కోసమో వచ్చినవాళ్ళే. "మామ కొట్లాటకు రాలే రా," అనేవాడు జావీద్. "అన్నం యాళ్ళయింది, కొడుకు ఇంటికి రాలే. ఎతుకుతుండు. నడుమ గీళ్ళంత అడ్డమొస్తున్నరు."

అందుకే మామ ముందుగా ఎవరినీ కొట్టడట. కింద పడేసినవాణ్ణి కూడా తిన్నవా అని అడుగుతాడట.

జావీద్ నాన్న, వాడి అబ్బా, అప్పుడు సౌదీలో ఉండేవాడు. ఫోన్ చేస్తే ఆయన మొదటి మాట అదే, తిన్నవా అని. ఆయన పోయాక ఎప్పటికో నాకు ఈ సంగతి తట్టింది. జావీద్‌ని అడిగితే, నీకెందుకు ఫికర్, ఆట ఆడు అన్నాడు.

ఈమధ్య ఆ గేమ్ ఫోన్‌లో దొరికింది. నేను ఊరుకోకుండా అసలు కథ నెట్‌లో చదివి వాడికి చెప్పాను. ఆయన ఏదో కొండ కోటకు కాపలావాడట. తమ్ముణ్ణి చంపినవాడి కోసం తిరుగుతున్నాడట. ఆ కేకకు అర్థం "లొంగిపో" అట.

జావీద్‌కు నిజంగానే కోపం వచ్చింది. "గది ఆళ్ళ మామ. మన మామ వేరే," అన్నాడు.

వాడి బిడ్డ షిఫా అయితే నన్ను పురుగును చూసినట్టు చూసింది. మూడో క్లాసు పిల్ల. మామ కథ వింటూనే అన్నం తింటుంది. అది పుట్టాక మామ కొడుకు కాస్తా ఆడపిల్లగా మారిపోయాడు. మామకు బిడ్డ దొరికిందా అబ్బా అని రోజూ అడిగేది. ఎతుకుతుండు, ముద్ద పెట్టుకో అనేవాడు జావీద్. దొరికిందని ఒక్కరోజూ చెప్పలేదు. చెబితే అన్నం తినడం ఆపేస్తుందని వాడి భయం.

నిన్న సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత వాడికి మట్టి ఇచ్చి వచ్చాం.

ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. పక్కింటివాళ్ళు అన్నం తెచ్చిపెట్టారు. షిఫా పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. డాబా మీద వాటర్ ట్యాంక్ వెనక కూర్చుంది. అమ్మమ్మ వెళ్ళింది, మేనత్త వెళ్ళింది. ప్లేటు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు బతిమాలారు. అందరి చేతులూ తోసేసింది. కళ్ళు తిరిగి పడిపోతుందేమో, జర చూడమని వాళ్ళమ్మ లోపలినుంచి నాకు కబురు చేసింది.

నేను ప్లేటు తీసుకోలేదు.

భుజం మీద ఒక తువ్వాల వేసుకుని, నిమ్మళంగా నడుచుకుంటూ వెళ్ళాను. ట్యాంక్‌కు కొంచెం ఇవతలే కూర్చున్నాను. పిలవలేదు. బతిమాలలేదు.

ఆగాను.

చాలాసేపటికి తనే లేచి వచ్చింది. వచ్చి రెండు చేతులతో నా ఛాతీ మీద కొట్టడం మొదలుపెట్టింది. ఎందుకు తీసుకుపోయారు, ఎందుకు మట్టిలో పెట్టారు అని కొడుతూనే ఉంది. కొట్టనిచ్చాను. తర్వాత ఆ రెండు చేతులూ పట్టుకున్నాను.

"తిన్నవా?" అన్నాను.

ఆగిపోయింది. నా మొహం చూసింది, భుజం మీద తువ్వాల చూసింది.

"మామకు బిడ్డ దొరికిందా చాచా?"

"దొరికింది బిడ్డా."

అప్పుడు ఏడ్చింది పిల్ల. నేనూ ఏడ్చాను. కిందికి దిగాక నా చేత్తో నాలుగు ముద్దలు తిన్నది.

పోయిరా జావీద్. నీ కథ నేను ముగించిన. తిట్టుకుంటే తిట్టుకో.

ఆడ మీ అబ్బా కలిస్తే మొదటి మాట అదే అడుగుతడు. నా బిడ్డ తిన్నది అని చెప్పు.

ఇగ నిమ్మళంగ పండుకో రా.