ఎనిమిది మైకులు, అక్క గొంతు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు లైనక్స్ కంప్యూటర్‌కి నెట్‌వర్క్ మీద ఎనిమిది మైకులు కలిపి చూడలేదు. కార్ఖానా బస్తీలోని నా రెండు గదుల స్టూడియోలో మూడు వారాలు ఆ పనే చేసి అలిసిపోయాను. మైకులన్నీ ఒక పెట్టెలోకి వెళ్తాయి, పెట్టె నుంచి ఒకే ఒక్క కేబుల్ నెట్‌వర్క్ స్విచ్ మీదుగా కంప్యూటర్‌కి వస్తుంది. రెండూ ఒకే గడియారాన్ని నమ్ముకుని నడవాలి. నా కంప్యూటర్‌కి ఆ నమ్మకం కుదరలేదు. రికార్డింగులో పది సెకన్లకోసారి టక్కుమనేది.

తొందర మా అక్కది. గురువారం ఆమెకు థైరాయిడ్ ఆపరేషన్. గొంతు మారిపోవచ్చని డాక్టర్ ముందే చెప్పాడు. యాప్రాల్‌లో వాళ్ల వీధి బతుకమ్మకు పాట ఎత్తుకునేది అక్క, అందుకునేది ఇరుగుపొరుగు ఆడవాళ్లు. ఉన్న గొంతుతో, వాళ్లందరితో కలిసి ఒక్క పాటైనా దాచుకోవాలని ఆమె కోరిక.

మంగళవారం మధ్యాహ్నం వాళ్లలో ఏడుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. మూడు గంటలు కూర్చోబెట్టాను. సెట్టింగులు మార్చాను, డ్రైవర్లు తీసి మళ్లీ వేశాను. టక్కు పోలేదు.

"ఏందన్నా, మాతోని నీ కంప్యూటర్ సుత చప్పట్లు కొడుతదా?" అంది ఒకామె. అందరూ నవ్వారు. నాకు నవ్వే ఓపిక లేదు. పిల్లలు బడి నుంచి వచ్చే వేళైందని వాళ్లు వెళ్లిపోయారు. అక్క ఉండిపోయింది.

ఇక ఏమీ తోచక, మధ్యలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్ పీకేసి అటక మీది పాతది పెట్టాను. టక్కు ఆగిపోయింది. కరెంటు ఆదా చేస్తుందని నేనే ఏరికోరి తెచ్చిన స్విచ్ అది. ఆదా కోసం సందు దొరికినప్పుడల్లా కునుకు తీస్తూ గడియారం కబురు ఆలస్యంగా అందిస్తోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"రేపు మళ్లీ పిలుద్దామా అక్కా?"

"రేపు పొద్దుగాల దవాఖానల చేరాలె తమ్మీ. పరేషాన్ గాకు. నేనొక్కదాన్నే పాడుత. వాళ్లు అందుకునేంత సేపు ఆగుత."

అలాగే పాడింది. ప్రతి చరణం తర్వాత చప్పట్లు మాత్రం కొడుతూ వాళ్ల వంతు వదిలేసింది. మొదటి ఛానల్ నిండింది. మిగతా ఏడూ ఖాళీ.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం బొంగురుపోయింది. రెండు నెలల తర్వాత ఆడవాళ్లు మళ్లీ వచ్చారు. అక్క పాట వింటూ ఖాళీలు నింపమని ఏడుగురికీ హెడ్‌ఫోన్లు ఇచ్చాను. వినడానికి అక్కకూ ఒకటిచ్చి కుర్చీ వేశాను. ఆమె ముఖం చూసే ధైర్యం లేక స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాను.

రెండో చరణానికి, ఎవరూ లేని మొదటి మైకు గీత కదిలింది. తలెత్తి చూశాను. అక్క లేచి వచ్చి ఆ మైకు ముందు నిలబడి ఉంది. తను అప్పుడు ఎత్తుకున్న పాటను ఇప్పుడు బొంగురు గొంతుతో, అందరితో పాటు అందుకుంటోంది.