తిన్నవాళ్ళు చెయ్యి వెయ్యాలి

మా చిన్నప్పుడు... భావనపాడులో ఎవరైనా కొత్త పడవను సముద్రంలోకి దించుతున్నారంటే పిల్లలందరం ముందే ఒడ్డుకు చేరిపోయేవాళ్ళం. పడవ మీద ప్రేమతో కాదు... అటుకుల కోసం.

పడవ వాళ్ళింటి ఆడవాళ్ళు బెల్లం, కొబ్బరి కలిపిన అటుకులు గంపతో తెచ్చి ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ పంచేవారు. తిన్నవాళ్ళు పడవ మీద చెయ్యి వెయ్యాలి. ముసలమ్మలైనా, చంటిపిల్లలైనా సరే... చెయ్యి వేసి "ఐలేసా" అని నెట్టాలి. మా చేతులకు పడవ కదిలేదా ఏమిటి! అయినా మేమే కదిపినట్టు ఇంటికి గర్వంగా పోయేవాళ్ళం.

తర్వాత నాన్నకు కోటబొమ్మాళిలో రైసుమిల్లులో పని దొరికింది. చట్టీ కుండా సర్దుకుని వచ్చేశాం. నన్ను అక్కడి బడిలో మూడో తరగతిలో వేశారు.

మొదటి రోజు నేను గడప దగ్గరకు వెళ్ళేసరికి ముందు వరుసలో ఉన్న సరోజిని అనే పిల్ల ముక్కు మూసుకుంది.

"ఒలే, ఎండుసేపల గుంట వచ్చీసినాదే!"

గుంటంటే మా వైపు ఆడపిల్ల. అందరూ పకపకా నవ్వారు. నా గౌను నిజంగా వాసన వచ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు... ఎండుచేపల మధ్య పెరిగినవాళ్ళకు ఆ వాసన ఎలా తెలుస్తుంది?

ఆ రోజు నుంచి బడి దాకా వెళ్ళేదాన్ని గానీ గడప దాటేదాన్ని కాదు. బయట అరుగు మీదే కూర్చునేదాన్ని. మేస్టారు పిలిచినా కదలను. చివరికి ఆయనకు విసుగొచ్చింది. లోపలికి రాకపోతే పేరు తీసేస్తానని ఇంటికి కబురు పంపారు. అప్పుడు గానీ ముక్కు మూసుకున్న సంగతి నేను ఇంట్లో చెప్పలేదు.

"పోనీలే, నాతో మిల్లుకొచ్చీమను. ఊక ఊడుస్తాది" అన్నాడు నాన్న.

"నానుండగా నా గుంట సీపురట్టదు" అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే అమ్మ గంప నెత్తిన పెట్టుకుని నాతో బయల్దేరింది.

"అమ్మా, గంపలో ఏటున్నాది?"

"అటుకులు."

"బడికి అటుకులేటమ్మా?"

"పడవ దించాల."

నేను సిగ్గుతో వెనకబడ్డాను. అమ్మ మాత్రం తిన్నగా వెళ్ళి గడప ముందు గంప దించింది.

"మేస్టారూ, మాది సముద్రం ఒడ్డండి. కొత్త పడవ దించితే ఒడ్డునున్నోలకి అటుకులు పెడతాం. ఈ గుంటే మా పడవ. ఈ ఊరిలో ఒడ్డునున్నోలు మీరే."

మేస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈలోగా బెల్లం వాసనకు పిల్లలు బయటికి వచ్చేశారు. అమ్మ అందరికీ దోసిళ్ళలో పోసింది. సరోజిని వంతు వచ్చేసరికి అమ్మ నా వైపు చూసి, "ముక్కు మూసుకున్న గుంట ఇదేనా?" అని అడిగింది. నేను తలూపాను. సరోజిని చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"సాపమ్మా సెయ్యి. నీకు ఇంకో గుప్పిడు. అందరికన్నా నువ్వే గట్టిగా నెట్టాల!"

తినడం అవగానే అమ్మ గొంతెత్తింది. "తిన్నోలందరూ సెయ్యెయ్యాల!"

ఒక్కసారిగా నా వీపు మీద ఎన్ని చేతులో... అన్నీ జిగటగా... "ఐలేసా" అని నెట్టారు చూడండి, గడప దాటి మేస్టారి బల్ల దాకా వెళ్ళిపడ్డాను! అందరూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. సరోజిని నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని నా వీపు వాసన చూసింది.

"ఇప్పుడు బెల్లం వాసనొస్తన్నావే" అంది.

ఆ సాయంత్రం దాకా చీమలు నన్ను వదల్లేదు... నా చదువు ఐదుతోనే ఆగిపోయింది గానీ, ఆ మూడేళ్ళూ సరోజిని పక్కనే చదివాను.

ఈ జూన్‌లో మా అబ్బాయికి విజయనగరం బదిలీ అయింది. మనవరాలు హర్షితను కొత్త బడిలో వేశారు. రోజూ గేటు పట్టుకుని ఒకటే ఏడుపు. నాకేమో అన్నం సహించదు... నీళ్ళసీసా మూత తీసుకోగలదో లేదో, బాత్రూము ఎక్కడో అడగడానికి సిగ్గుపడుతుందేమో...

ఒకరోజు అటుకులు కలిపాను. గేటు దగ్గర పంచుదామనే.

"అలా పంచితే ఒప్పుకోరత్తా, బాక్సులో పెట్టీయండి" అంది కోడలు.

సరే, బాక్సు నిండా కుక్కి, పిల్లకు ఈ కథంతా చెప్పి, అందరికీ పెట్టమన్నాను. ఆ రోజు ఏడవకుండానే గేటు లోపలికి వెళ్ళింది. సాయంత్రం బాక్సు ఖాళీ! నా ప్రాణం లేచొచ్చింది.

"ఎవరెవరు తిన్నారే?"

"నేనే తినీసాను మామ్మా. బాగున్నాయి."

"ఓలమ్మ! మరి నిన్నెవరు నెట్టారే?"

"ఎవరూ నెట్టలేదు. నేనే ఎల్లిపోయాను."

అంత బెల్లం తింటే కడుపునొప్పి వస్తుందేమోనని ఆ రాత్రి నాకు నిద్ర లేదు. దానికేం కాలేదు... ఇప్పుడు గేటు దగ్గర వెనక్కి కూడా చూడదు. అప్పట్లో అమ్మలు గడప దాకా వచ్చేవారు. ఇప్పుడు గేటు బయటే ఆగిపోవాలి. పిల్ల వెళ్ళిపోయినా నా చెయ్యి మాత్రం కాసేపు అలా గాల్లోనే ఉండిపోతుంది...

కొత్త బడిలో మొదటి రోజు మీ వీపు మీద పడిన చెయ్యి ఎవరిదో రాయండమ్మా, చదువుకుంటాను. ఎలాగూ బడి విడిచేదాకా నాకు ఏ పనీ తోచదు.