ఈశాన్యం తెగిన ప్లాటు

హైదరాబాద్ చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజుల్లో నేను ఇబ్రహీంపట్నంలో ఒక వెంచర్ ఆఫీసులో కొలతలు చూసేవాణ్ణి. దూరాన ఉన్నవాళ్లతో కంప్యూటర్‌లో ఇంటర్నెట్ కాల్ మాట్లాడడానికి మా సేటు వైర్‌లెస్ హెడ్‌సెట్ తెచ్చాడు. పాతదానికైతే మధ్యలో వైరు పీకేసేవాళ్లం, మన మాట అవతలికి పోయేది కాదు. దీనికి పీకడానికి వైరే లేదు.

ఒక మధ్యాహ్నం, మస్కట్‌లో పనిచేసే హయత్‌నగర్ మనిషి ఒక ప్లాటు ఖాయం చేసుకోబోతూ మూలలు సరిగ్గా ఉన్నాయా అని అడిగాడు. లేఅవుట్ నక్షా చూసి చెబుతానని హెడ్‌సెట్‌ను మెడలోకి జార్చుకున్నాను. సేటు నా పక్కకు వచ్చాడు.

"ఈశాన్యం తెగిందని చెప్పకు. బయానా పైసలు పడనీ, తర్వాత సూద్దాం."

ఈశాన్యం తెగిన స్థలంలో ఇల్లు కట్టడానికి మా వైపు ఎవరూ ఒప్పుకోరు.

మెడ దగ్గర సన్నగా మాట వినిపించింది. "అన్నా, నేను లైన్లనే ఉన్న. ఎంత తెగింది?"

సేటు వద్దని చెయ్యి ఊపాడు. మూడడుగులని చెప్పాను.

"అయితే గా ప్లాటు వద్దు. మంచిదేదో నువ్వే చెప్పు. సేటుకు మాత్రం గా చెవుల మిషన్ ఇయ్యకు."

అది సేటుకూ వినపడింది. ఆయన నక్షాలో పడమటి వరుస మీద వేలు పెట్టాడు. ఆ వరుసలో మూలలు సరిగ్గానే ఉన్నాయి. అదే చెప్పాను.