బోర్డు మీద నల్ల చుక్క

ఆ రోజుల్లో అనుమానం ఒక సుగుణమని నేను గట్టిగా నమ్మేదాన్ని. ఆ రోజులంటే మరీ పాతవేం కాదు (నన్ను ముసలిదాన్ని చేసేయకండి), కొన్నేళ్ళ కిందటివే. విజయవాడ వన్‌టౌన్‌లో మా అబ్బాకి గాజుల కొట్టు. ఆ కొట్లో కెమెరాలు పెట్టించాక, లోకంలో ఏ నల్ల చుక్క కనపడినా ఆయనకి కెమెరాలాగే తోచేది. "బేటీ, చుక్క ఉన్నచోట మాట తగ్గించు" అన్న ఆయన హితబోధను మూటగట్టుకుని, కంకిపాడు దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే కొత్త టీచరుగా చేరాను. ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. ఎవరైనా గట్టిగా తుమ్మినా నా ఉద్యోగం ఎగిరిపోతుందేమోనని హడలిపోయే దశ.

నేను చేరిన కొద్ది వారాలకే ఎనిమిదో తరగతి గోడకి తలుపంత డిజిటల్ బోర్డు బిగించి వెళ్ళారు. వేలితో తాకితే పలుకుతుందట, బొమ్మలు చూపిస్తుందట, వీడియోలు ఆడిస్తుందట. పిల్లలు దాన్ని కొత్త పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశారు. మేం మాత్రం వియ్యపురాలిని చూసినట్టు చూశాం. మా లెక్కల మాస్టారు (రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దాయన, మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీయడం ఆయన జన్మహక్కు) ఎద్దుని బేరమాడేవాడిలా దాన్ని పైనుంచి కిందదాకా పరికించి, కింది అంచున మిరియం గింజంత నల్ల చుక్కని పట్టుకున్నారు. వెంటనే నన్ను వరండాలోకి పిలిచి గొంతు తగ్గించారు.

"చూశావా అమ్మాయ్? అది కెమెరానే. మనం పాఠం చెబుతున్నామా, పడుకున్నామా అని పైవాళ్ళు చూడ్డానికి పెట్టారు."

"నిజమే అంటారా మాస్టారూ?"

"లేకపోతే అడక్కుండా అంత పెద్ద వస్తువు మనకెందుకిస్తారమ్మా? నా సర్వీసులో అడిగిన సుద్దముక్కలే సరిగ్గా వచ్చి చావలేదు!"

ఆ తర్కానికి నేను బుద్ధిగా తలూపేశాను. ఆ రోజు నుంచి ఆ గదిలో మా నడవడే మారిపోయింది. మాస్టారు కుర్చీని వరండాలో పెట్టించి, నిలబడి లెక్కలు చెప్పారు. నేను "ఒరేయ్, నోళ్ళు ముయ్యండ్రా" అనడం మానేసి "బాబూ, దయచేసి నిశ్శబ్దం పాటించండి" అనడం మొదలుపెట్టాను. (నాకు జ్వరమొచ్చిందని పిల్లలు అనుకున్నారట.) మా హెడ్మిస్ట్రెస్ గారు, అందరికీ పెద్ద మేడం, ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా బోర్డుకి చేతులెత్తి నమస్కారం పెట్టేవారు. "ఎందుకైనా మంచిదమ్మా" అనేవారు. ఇంత మర్యాద చేసినా దాన్ని ఆన్ చేసినవాళ్ళు మాత్రం లేరు. దాని పక్కనే పాత నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసుకునేవాళ్ళం.

నిలబడీ నిలబడీ చివరికి మాస్టారి మోకాళ్ళు మొరాయించాయి. ఒక సాయంత్రం బడి వదిలాక పెద్ద మేడం అటూ ఇటూ చూసి, తన పర్సులోంచి బొట్టుబిళ్ళ తీసి ఆ చుక్క మీద అంటించారు. నేను గుమ్మం దగ్గర కాపలా. మర్నాడే మాస్టారి కుర్చీ లోపలికి వచ్చేసింది.

ఆ సంబరం ఇంకా తీరకముందే, డిజిటల్ బోర్డు మీద పాఠం ఎలా చెబుతున్నారో చూడ్డానికి ఒక అధికారి గారు వస్తున్నారని కబురందింది. వయసులో చిన్నదాన్ని కాబట్టి ఆ భారం నా నెత్తినే పడింది. "నీకు ఫోన్లూ అవీ బాగా తెలుసు కదమ్మా" అన్నారు పెద్ద మేడం.

తీరా ఆయన ఎదుట బోర్డు ఆన్ చేసి గుండె వీడియో పెడితే, గొంతు వినిపిస్తోంది గానీ తెరంతా చీకటి. కళ్ళు చిట్లించి చూస్తే గుమ్మడికాయ లాంటిదేదో నీడలా కదులుతోంది. చుక్కని మూసినందుకు పైవాళ్ళకి కోపమొచ్చి వెలుతురు తగ్గించేశారని నాకు ఖాయమైపోయింది. వెనక బెంచీ నుంచి మాస్టారు 'నే చెప్పలా?' అన్నట్టు తలాడించారు.

అధికారి గారు లేచి వచ్చి, వంగి అంచు చూశారు.

"దీనికి బొట్టెవరు పెట్టారండీ?"

ఆయన వరసగా మా నుదుళ్ళు చూశారు. మాస్టారికి విభూతి. నాకు బొట్టే లేదు. పెద్ద మేడం నుదుట మాత్రం సరిగ్గా అదే మెరూన్ రంగు, అదే సైజు.

"ఆయుధపూజకి పెట్టామండీ" అన్నారు ఆవిడ తడుముకోకుండా.

"ఆయుధపూజకి స్టిక్కరు పెడతారా మేడం?" అంటూ ఆయన గోటితో బిళ్ళ పీకారు. కాసేపటికి తెర కళకళా వెలిగింది. "గదిలో వెలుతురెంతుందో చూసుకునే చుక్కండీ ఇది. మీరు మూసేసరికి పాపం రాత్రయిందనుకుని వెలుగు తగ్గించేసింది."

"వాళ్ళు అలాగే చెబుతారు" అని వెనక ఎవరో గొణిగారు. (ఎవరో ఏమిటి, మాస్టారే.)

ఎర్రటి గుండె తెర నిండా కొట్టుకుంటోంది. పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. గండం గడిచిందనుకుంటూ ఉండగా ముందు బెంచీ అమ్మాయి లేచింది.

"మేడం, ఆ గుండె ఎవరిది?"

నవ్వబోయి ఆగిపోయాను. అంత అందమైన బొమ్మ చూస్తూ, అది తన దగ్గరా ఉందని ఆ పిల్లకి తోచలేదు. వీడియో ఆపేశాను. "అయ్యో, ఆపేసిందేంటి!" అని పెద్ద మేడం కంగారుపడటం వినిపించింది. అందర్నీ మణికట్టు మీద వేళ్ళు పెట్టుకుని నాడి వెతుక్కోమన్నాను. దొరికాక గ్రౌండ్ చుట్టూ ఒకసారి పరిగెత్తి రమ్మన్నాను. కేకలు పెడుతూ వెళ్ళి, రొప్పుతూ వచ్చి మళ్ళీ వేళ్ళు పెట్టుకున్నారు.

"దడదడలాడిపోతంది మేడం!"

అప్పుడు వీడియో మళ్ళీ పెట్టాను. తెర మీద గుండె ముడుచుకున్నప్పుడల్లా ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుని "ఇప్పుడు నాది, ఇప్పుడు నాది" అంటోంది. పక్కకి చూస్తే అధికారి గారు కూడా గుట్టుగా తన నాడి చూసుకుంటున్నారు.

"బాగుందమ్మా" అన్నారు వెళ్తూ వెళ్తూ. "ఈసారి పిల్లల్ని పరిగెత్తించే ముందు ఒక మాట చెప్పండి. నన్ను చూసి పారిపోతున్నారనుకున్నాను."

ప్రొబేషన్ సజావుగా పూర్తయింది. ఇప్పుడు ఎక్కడ వీడియో పెట్టాలో, ఎక్కడ ఆపాలో చేతికే తెలుసు. అయినా సాయంత్రం ఇంటికెళ్ళే బస్సు విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో కదలకుండా నిలబడిపోయినప్పుడు, అప్పటి నాలోని కొత్త టీచరమ్మ గుర్తొస్తుంది. ఎవరో చూస్తున్నారన్న బెదురుతో ప్రతి పాఠాన్నీ ఇంట్లో అద్దం ముందు చెప్పుకుని, చీర కుచ్చిళ్ళు రెండోసారి సర్దుకుని బయల్దేరే పిల్ల. ఆ చుక్కలోంచి ఆవిడని ఎవరూ చూడనే లేదని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలేస్తుంది కూడా. ఎవరైనా చూసి ఉండాల్సిందండీ. పాపం, ఎంత బాగా చెప్పేదో!