కొమురారెడ్డి నీలం తెలుపు

రేగొండ కంటి పరీక్షా కేంద్రంలో నేను విజన్ టెక్నీషియన్‌గా ఉన్న రోజులవి. సర్పంచి ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఆ సోమవారం ఉదయం గదిలో ఉన్నవి: అక్షరాల చార్టు, స్లిట్ ల్యాంప్, ఒక ట్యూబ్‌లైటు, నేను, డెబ్బై దాటిన కొమురారెడ్డి, ఆయన భార్య లచ్చవ్వ. ఆయన ఒంటి మీది అంగీ ఆకాశం రంగులో ఉంది.

కంటి పరీక్షకు తీసుకొచ్చింది లచ్చవ్వ. ఆయన మాత్రం ఆమె మీద ఫిర్యాదుతో వచ్చాడు. రెండేళ్లుగా బట్టలు సరిగా ఉతకడం లేదట, తెల్ల అంగీలన్నీ పసుపు తేలుతున్నాయట. అందుకే రోజూ సాయంత్రం హాల్లో పసుపు బల్బు కింద బకెట్ పెట్టుకుని, అంగీ తెల్లగా కనిపించేదాకా తానే నీలిమందు పోస్తున్నాడు.

"గిది తెల్లగున్నదా లేదా, నువ్వే చెప్పు బిడ్డా," అన్నాడు.

నేను నోరు తెరవకముందే లచ్చవ్వ అందుకుంది. "తెలుపా? గా పార్టీల కలిసిండని ఊరంతా అనుకుంటున్నరు."

అసలు సంగతి అదీ. ఎదుటి పార్టీ కండువా నీలం. పదిహేను రోజుల్లో సర్పంచి అభ్యర్థిగా ఆయన పేరు ఖాయం చేయాల్సిన సొంత పార్టీ వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు.

స్లిట్ ల్యాంప్ అంటే సన్నని వెలుగు పట్టీని కంట్లోకి పంపి పెద్దదిగా చూపే పరికరం. అందులో ఆయన కటకాలు రెండూ టీ డికాషన్ రంగులో కనిపించాయి. శుక్లం ఇది; వయసుతో కటకం పసుపెక్కి నీలం కాంతిని ఆపేస్తుంది. పసుపు బల్బు వెలుగులో నీలం ముందే తక్కువ. ఈ రెండు లోట్లనూ ఆయన బకెట్లో పూడుస్తున్నాడు. చెబితే నమ్మలేదు. నేను చూపిన కొత్త కాగితం కూడా పాతదేనన్నాడు.

రెండు కళ్లకూ ఒకేసారి శుక్లం తీయరు. లచ్చవ్వ పట్టుబట్టి తీసుకెళ్తే, భూపాలపల్లిలో ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు. వారం తర్వాత నా దగ్గరికి వచ్చినప్పుడు ఎడమ కన్ను మూసి అంగీని చూసుకున్నాడు. కుడి కన్ను మూసి మళ్లీ చూసుకున్నాడు. అలా కాసేపు మార్చి మార్చి మూసి, భార్య వైపు తిరిగాడు.

"ఏందే గిది? గింత నీలం ఎందుకు పోసినవ్?"

"నీలిమందు సీస నన్ను ముట్టనిచ్చినవా?" అంది లచ్చవ్వ నింపాదిగా.

రెండేళ్ల నీలం రెండు ఉతుకులకు పోలేదు. పేరు ఖాయం చేసే పార్టీ సమావేశానికి, జనగామ నుంచి వచ్చిన అల్లుడి తెల్ల చొక్కా వేసుకుపోయాడు. బొత్తాలు అందక పైన టవల్ కప్పుకున్నాడు. పార్టీ ఆయన పేరే ఖాయం చేసింది.

ఎన్నికలయ్యాక ఎడమ కంటి కోసం వచ్చినప్పుడు, గెలుపు సంగతి లచ్చవ్వే చెప్పింది. "గా నీలి అంగీలు చూసి నీలపోళ్లు గూడ మా మనిషే అని ఓట్లేసిండ్రట. ఇప్పుడు తెల్లగ తిరుగుతుంటే పరేషాన్ అయితున్నరు."

రంగు మీద తగువు వస్తే బట్టను చివర చూడాలి. ముందు వయసెంత, ఏ కన్ను, ఏ బల్బు అని అడగాలి. ఆ ఉద్యోగం మానేదాకా నేను ఆ వరసలోనే అడిగాను.

కొమురారెడ్డి మెజారిటీ తొమ్మిది ఓట్లు.