ఏడాదిన్నర పెద్దదైపోయిన గోల్‌కీపరు

మొన్న బందరు బస్టాండు ఎదురుగా టీ తాగుతున్నాను. కొట్టువాడి టీవీలో మన దేశపు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు, పదిహేడేళ్ళ లోపు వాళ్ళది, పరాయి దేశపు మైదానంలో వరసగా నిలబడి జాతీయగీతం పాడుతోంది. పక్క బల్లమీద కూర్చున్న కళ్ళజోడు ఆసామి, "వీళ్ళకి పదిహేడేళ్ళేంటండీ, అందరూ వయసు దిద్దించుకొచ్చిన బాపతే" అన్నాడు. టీ గ్లాసు కింద పెట్టేశాను. "నువ్వు దిద్దావా? దిద్దుతుంటే చూశావా?" అని లేచాను. కొట్టువాడు "పోనీండి బాబాయిగారూ, ఆయనకేం తెలుసు" అంటూ అడ్డం రాకపోతే ఆ పూట ఏమయ్యేదో. నా కోపానికి కారణం ఉంది. మా ఇంట్లోనూ ఒక పిల్ల వయసు తప్పు రాశారు. తగ్గించి కాదు, పెంచి.

ఆ పిల్ల మా చెల్లెలి కూతురు. మా బావ వేటకి సముద్రం మీదికి వెళ్తే, చెల్లెలు చేపల గంప ఎత్తుకుని పెడన దాకా వెళ్ళి అమ్ముకొచ్చేది. నేను హార్బరు దగ్గర వలలు బాగుచేసేవాణ్ణి. నా చదువు మూడో తరగతితో ఆగింది. తక్కినదంతా బందరు గ్రంథాలయంలో పేపర్లు ముందేసుకుని కూడబలుక్కుంటూ నేర్చుకున్నదే. కాబట్టి ఏ ఆఫీసులో తప్పు జరిగినా అర్జీ రాసే బాధ్యత నామీద ఉందని అనుకునేవాణ్ణి. మేనకోడలికి మాత్రం చదువుకన్నా బంతి ఎక్కువ. చేపలు ఎండబెట్టే ఇసుకలో మగపిల్లలు బంతి తన్నుతుంటే ఇది గోలులో నిలబడేది. చేతులు పొడుగు. ఎటు తన్నినా వెళ్ళి పట్టుకునేది. హైస్కూలు డ్రిల్లు టీచరమ్మ అది చూసి జిల్లాకి తీసుకెళ్ళింది, అక్కణ్ణుంచి రాష్ట్రానికి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒకరోజు ఆవిడ ఆయాసపడుతూ మా చెల్లెలి ఇంటికి వచ్చింది. పిల్లని పదిహేడేళ్ళ లోపు వాళ్ళ దేశం జట్టులోకి తీసుకున్నారట. ఆసియా దేశాల పోటీలకి వెళ్ళాలట. "కానీ టీసీలో పుట్టిన తేదీ ప్రకారం పదిహేడు దాటిపోయిందండీ. పది రోజుల్లో సరైన కాగితం రాకపోతే పేరు కొట్టేస్తారు" అంది.

"పదిహేడెక్కడివి, నా పిల్లకి పదహారు కూడా నిండలేదు" అని మా చెల్లెలు గంప దింపేసి కూలబడింది. పిల్ల గోడకి ఆనుకుని నిలబడింది. పుట్టింది అవనిగడ్డ సర్కారు ఆసుపత్రిలో, మా చెల్లెలి అత్తగారి ఊరు దివిసీమలో కాబట్టి. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. అక్కడి పుస్తకంలో తేదీ సరిగానే ఉంది. నకలు ఇచ్చారు. అయితే అందులో 'ఆడశిశువు' అని తల్లి పేరుతో ఉందే గాని పిల్ల పేరు లేదు. ఆ శిశువూ ఈ పిల్లా ఒకటేనని, బడిలో తేదీ ఎందుకు మారిందో చెప్పి, ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. ఎవరు పెట్టాలి? ఒకటో తరగతిలో వేసినప్పుడు తప్పు రాసిన హెడ్మాస్టరే పెట్టాలి! ఆయన రిటైరై గుడివాడలో ఉంటున్నాడని తెలుసుకుని, దారి పొడవునా బస్సులో తిట్లు కూర్చుకుంటూ వెళ్ళాను.

మాస్టారు పెరట్లో బచ్చలితీగకి పందిరి కడుతున్నారు. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. పసిపిల్ల బతుకుతో ఆటలా అన్నాను, జీతం తీసుకుని కళ్ళు మూసుకుని రాస్తారా అన్నాను. ఆయన తాడు ముడివేయడం పూర్తిచేసి, చేతులు కడుక్కుని వచ్చారు. "ఆ పిల్లని బడికి తెచ్చిందెవరయ్యా?" అన్నారు.

"ఎవరైతేనేం?"

"నువ్వే కదయ్యా. వాళ్ళమ్మ చేపలకి వెళ్తోంది, చూసేవాళ్ళు లేరన్నావు. అయిదు నిండాయా అంటే, నిండి ఆర్నెల్లయింది రాసుకోండి అన్నావు. చెవి అందుకోమ్మా అన్నాను."

అప్పట్లో మా పల్లెల్లో పుట్టిన తేదీ ఎవరికీ తెలిసేది కాదు. పిల్ల కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమచెవి అందుకుంటే అయిదు నిండినట్టు లెక్క. దీనివి పొడుగు చేతులు. నాలుగేళ్ళకే చెవి దాటి బుగ్గ కూడా పట్టుకుంది. అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. నేను పక్కన నిలబడి నవ్వడం కూడా. బందరులో ఏ గుమాస్తా ఏ అర్జీ ఎన్ని నెలలు తొక్కిపెట్టాడో అప్పజెప్పగల నాకు ఈ ఒక్కటీ ఇన్నేళ్ళూ గుర్తు రాలేదు.

మాస్టారు లోపలికి వెళ్ళారు. కాగితం తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాసి చేతికిచ్చారు. 'నా అజాగ్రత్త వలన తేదీ తప్పు నమోదైనది' అని ఉంది. "ఇది నిజం కాదు కదండీ" అన్నాను. "రిటైరైనవాణ్ణి, నన్నేం చేస్తారులే. పిల్ల వెళ్ళిరానీ" అన్నారు. ఆ కాగితం తీసుకుని వచ్చేస్తే సరిపోయేది. చెయ్యి రాలేదు. ఆయన కలమే అడిగి తీసుకుని, అబద్ధం చెప్పింది నేనని నేను రాశాను. దాని కింద, నా మాట నమ్మి రాశానని ఆయన సంతకం చేశారు. వాళ్ళావిడ పెట్టిన బచ్చలికూర అన్నం తలెత్తకుండా తిని వచ్చాను.

బందరు విద్యాశాఖ ఆఫీసులో ఆ కాగితం ఎవరి చేతికి వెళ్ళకూడదో వాడి చేతికే వెళ్ళింది. నేను తనమీద మూడుసార్లు పై ఆఫీసుకి అర్జీలు పెట్టిన గుమాస్తా. అందరికీ వినబడేట్టు చదివాడు. "అయితే మీరూ తప్పులు రాయిస్తారన్నమాటండీ!" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. తలుపు దగ్గర పిల్ల నిలబడి ఉంది కాబట్టి నేను నోరు విప్పలేదు. అతను మాత్రం ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు. జీపెక్కబోతున్న ఆఫీసరు వెనక ఫైలు పట్టుకుని పరిగెత్తి, సంతకం చేయించుకొచ్చి, "పాపా, బాగా ఆడు" అని కాగితం దానికే ఇచ్చాడు. ఆ తర్వాత అతనిమీద అర్జీ రాయడానికి నాకు చేతులు రాలేదు, రాయాల్సినవి రెండు మూడు ఉన్నా.

పిల్ల విమానం ఎక్కింది. ఆ పోటీలు మన టీవీల్లో ఎవడు చూపిస్తాడు? పేపర్లో చివరి పేజీ అడుగున వేలెడంత వార్త, అందులో గోల్‌కీపరు పేరే లేదు. ఎడిటరుకి ఉత్తరం రాశాను, వేసుకోలేదు. మూడో రోజు ఎస్టీడీ బూతుకి ఫోనొచ్చింది.

"మావయ్యా, ఓడిపోయాం. నాలుగు గోల్సు తిన్నాం."

"నువ్వేం చేశావే?"

"తొమ్మిది ఆపాను. మా కోచమ్మ లెక్కపెట్టింది. అవతలి గోలీ వచ్చి చెయ్యి కలిపింది, మావయ్యా. దానికీ నా అంతే ఉంటాయి ఏళ్ళు."

ఇప్పుడది అవనిగడ్డలో డ్రిల్లు టీచరు. మాస్టారు కాలం చేశారు. ఆ గుమాస్తా గుడివాడలో కొడుకు దగ్గర ఉన్నాడని విన్నాను, వెళ్ళి చూడాలి. బడి గుమ్మంలో నిలబడి ఒక్క మాటతో ఆ పిల్ల ఏడాదిన్నర చిన్నతనం నేను లాగేసుకున్నాను. దాన్ని వెనక్కి తెచ్చివ్వడానికి రెండు ఊళ్ళ బస్సులు ఎక్కాలి, నా కోపానికి గురైన ఇద్దరు మనుషులు కావాలి. కాలాన్ని ముందుకి తొయ్యడానికి ఒక తొందరపాటువాడు చాలు. వెనక్కి తిప్పగలిగింది మాత్రం, నేను చూసినంతలో, కోపం పెట్టుకోని మనుషులే.